టీం కింద డివిజన్‌కి పడిపోయాక కోచ్‌గా ఉండిపోవాలనుకుంటే

చివరి మ్యాచ్ అయిపోయిన సాయంత్రం మా ఫుట్‌బాల్ టీంలో వెనక కుడివైపు ఆడే రైట్ బ్యాక్ కుర్రాడు చెమటతో తడిసిన జెర్సీలు ఒక్కొక్కటే లెక్కపెట్టి గోనెసంచిలో వేస్తున్నాడు. పదిహేను వచ్చాయి. పదహారోది దొరకలేదు. సంచి బోర్లించి మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. మళ్లీ పదిహేనే. తల ఎత్తకుండానే అడిగాడు: "మాస్టారూ, మీరు కూడా ఎల్లిపోతన్నారేటి?"

నేను ఏమీ చెప్పలేదు. ఆ రోజుతో మా టీం సిటీ లీగ్‌లో పై డివిజన్ నుంచి కింద డివిజన్‌కి పడిపోయింది. 14 మ్యాచ్‌లు ఆడి 2 గెలిచాం, 4 డ్రా చేశాం, 8 ఓడాం. గెలుపుకి 3, డ్రాకి 1 చొప్పున వెరసి 10 పాయింట్లు.

మాది విశాఖలో మల్కాపురం. పగలు పోర్టు దగ్గర ఒక వర్క్‌షాప్‌లో ఫిట్టర్ పని, పొద్దున్న, సాయంత్రం ఈ క్లబ్. పదకొండేళ్లుగా ఇదే నా దినచర్య. పడిపోయాక కూడా ఉండిపోయాను. మొదటి ఏడాది మూడో స్థానంలో ఆగాం, రెండో ఏడాది పైకి వచ్చాం. ఈమధ్య అనకాపల్లి, విజయనగరం వైపు కోచ్‌లు కొందరు ఫోన్ చేసి, మా టీం కూడా పడిపోయింది, ఉండమంటారా వెళ్లమంటారా అని అడుగుతున్నారు. ఫోన్‌లో సగమే చెప్పగలుగుతున్నాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఆ రాత్రి మాట ఇవ్వకండి

పడిపోయిన రోజు మనసు రెండు వైపులా లాగుతుంది. ఒకటి, తప్పంతా నాదే, నేను తప్పుకుంటే వీళ్లు బాగుపడతారు అనిపిస్తుంది. రెండోది, పిల్లల మొహాలు చూసి, ప్రాణం పోయినా వదలను అని చెప్పేయాలనిపిస్తుంది. రెండూ ఆ పూట బాధలోంచి వచ్చే మాటలే. నాలుగు రోజులు ఆగండి. పిల్లలు అడిగితే "గురువారం చెప్తాను" అని ఒక రోజు పేరు చెప్పండి, ఆ రోజు తప్పకుండా చెప్పండి. రోజు పేరు లేకుండా "చూద్దాం" అంటే వాళ్లు దాన్ని వెళ్లిపోవడం కిందే లెక్కేసుకుంటారు.

ఆ నాలుగు రోజుల్లో నేను చేసింది ఒక్కటే. ఇంగ్లండ్‌లో ఇలా ఉండిపోయిన మేనేజర్ల సంగతులు వెతికి చదివాను. అక్కడ ప్రీమియర్ లీగ్‌లో 20 టీంలు, ఏటా చివరి మూడు ఛాంపియన్‌షిప్ అనే కింద డివిజన్‌కి పడిపోతాయి. షాన్ డైచ్ 2015లో బర్న్‌లీతో పడిపోయి ఉండిపోయాడు, మరుసటి ఏడాది 93 పాయింట్లతో ఛాంపియన్‌గా పైకొచ్చాడు. రాఫా బెనితెజ్ 2016లో న్యూకాసిల్ పడిపోయాక ఉండిపోయి, 94 పాయింట్లతో ఛాంపియన్ అయ్యాడు. డానియల్ ఫార్కే 2020లో నార్విచ్‌తో పడిపోయాడు. ఆ సీజన్ చివరి పది లీగ్ మ్యాచ్‌లూ వరసగా ఓడిన టీం అది. అయినా క్లబ్ అతన్ని ఉంచుకుంది, అదే టీం మరుసటి ఏడాది 97 పాయింట్లతో పైకొచ్చింది.

ఇవి మాత్రమే చదివి ఉంటే నేను పొరపాటు పడేవాణ్ణి. రాబ్ ఎడ్వర్డ్స్ 2024లో లూటన్ పడిపోయాక ఉండిపోయాడు. 2025 జనవరికి టీం 20వ స్థానంలో ఉంటే తప్పుకోవాల్సి వచ్చింది, ఆ సీజన్ చివర్లో లూటన్ మరో మెట్టు కిందికి పడిపోయింది. నార్విచ్‌లోనే 2016లో పడిపోయి ఉండిపోయిన అలెక్స్ నీల్‌ని 2017 మార్చిలో తీసేశారు. అంటే కోచ్ ఉండిపోయినంత మాత్రాన టీం లేవదు. ఉండి ఏం మారుస్తాడన్నది ముఖ్యం. ఏం మార్చాలో మీకు కనీసం రెండు విషయాలు స్పష్టంగా కనబడితే ఉండండి. ఏమీ కనబడక, పిల్లల మీద ప్రేమ ఒక్కటే ఉంటే, ఆ ప్రేమతోనే ఇంకొకరికి అప్పగించండి. ఇది చెప్పడం నాకూ కష్టమే, కానీ నిజం.

కమిటీతో కూర్చున్నప్పుడు

బెనితెజ్ ఊరికే ఉండిపోలేదు. కాంట్రాక్ట్ ప్రకారం వెళ్లిపోయే వీలున్నా, క్లబ్‌తో మాట్లాడుకుని కొత్తగా మూడేళ్ల కాంట్రాక్ట్ రాసుకున్నాడు. మన చిన్న క్లబ్బుల్లో కాంట్రాక్టులు ఉండవు. అందుకే ఒక తెల్లకాగితం కావాలి.

నా కాగితం మీద నాలుగు మాటలే ఉన్నాయి. రెండు సీజన్లు సమయం. టీం ఎంపిక నాది. గ్రౌండ్ ఫీజు, బంతులు, రిఫరీ డబ్బులు ఎవరు కడతారో వాళ్ల పేర్లు. ఏ కుర్రాణ్ణైనా తీసేయాలంటే ముందు నాతో మాట్లాడాలి. కింద ప్రెసిడెంట్, సెక్రటరీ, నేను సంతకాలు పెట్టాం. రెండు సీజన్లు అని ఎందుకంటే, ఒక్క ఏడాదిలోనే లేవాలంటే టీం భయంతో ఆడుతుంది. మేము మొదటి ఏడాది రెండే రెండు పాయింట్ల తేడాతో ఆగిపోయాం. ఆ కాగితం లేకపోతే ఆ రోజే నా పని అయిపోయేది.

నాలుగో మాట కోసం గొడవ జరిగింది. కమిటీలో ఒకాయన, గోలీని, అంటే గోల్‌కీపర్‌ని, తీసేస్తేగాని జనం ఊరుకోరు అన్నాడు. ఆ కుర్రాడికి పందొమ్మిదేళ్లు. ఓటమికి ఒక మొహం చూపించాలని పెద్దవాళ్లు వెతుకుతారు, అది ఎప్పుడూ గోలీ మొహమే అవుతుంది. గోలీ వెళ్తే నేనూ వెళ్తానని చెప్పాను. బెదిరింపుగా అనలేదు. ఎవరినో ఒకరిని బలి ఇస్తే మిగిలిన ఇరవై ఒక్కమందీ వచ్చే ఏడాది తమ వంతు కోసం చూస్తూ ఆడతారు. అది మాత్రం జరగనివ్వకండి.

డబ్బు సంగతి కూడా అప్పుడే తేల్చుకోండి. ప్రీమియర్ లీగ్ నుంచి పడిపోయిన క్లబ్బులకి మూడేళ్లపాటు పారాచూట్ పేమెంట్ అని డబ్బు వస్తుంది, ఒక్క ఏడాదే పైన ఉన్నవాళ్లకైతే రెండేళ్లు. మనకి పడిపోయిన నెలలోనే జెర్సీ మీద పేరు వేయించుకున్న షాపాయన ఫోన్ ఎత్తడం మానేస్తాడు. నేను ఖర్చు అంతా ఒక పేజీలో రాసి, కొత్త జెర్సీలు వద్దని నేనే చెప్పి, ఆ డబ్బు తిండికి మళ్లించాను. తిండికి ఎందుకో కింద చెప్తాను, అసలు సంగతి అక్కడే ఉంది.

గోల్స్ పుస్తకం

ఇది చేయకుండా ఏ నిర్ణయమూ తీసుకోకండి. వంద పేజీల నోట్‌బుక్ ఒకటి కొనండి. సీజన్‌లో మీకు పడిన ప్రతి గోల్‌కీ ఒక పేజీ. ఎన్నో నిమిషం, ఎక్కడి నుంచి బంతి వచ్చింది, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఆ కుర్రాడు ఆ రోజు పొద్దున్న ఏం చేశాడు. ఆఖరిది మర్చిపోకండి.

మాకు 31 గోల్స్ పడ్డాయి. పిల్లల్ని ఇద్దరేసి కూర్చోబెట్టి, వాళ్ల ఫోన్లలో ఉన్న వీడియో ముక్కలు చూసి రాయడానికి నాకు తొమ్మిది రాత్రులు పట్టింది. రాశాక చూస్తే 31లో 13 గోల్స్ 70వ నిమిషం తరువాత పడినవి. 9 గోల్స్ కార్నర్ కిక్‌ల మీద పడ్డాయి. మేము డ్రా చేసుకున్న మూడు మ్యాచ్‌ల్లో 70వ నిమిషానికి మేమే ముందున్నాం. ఓడిన మూడు మ్యాచ్‌ల్లో అప్పటికి స్కోరు సమానం. ఆట అక్కడే ఆగి ఉంటే మా పాయింట్లు 19. మేము చేతకాని టీం అని ఊరంతా అంటోంది, మా పిల్లలూ నమ్మేశారు. పుస్తకం మాత్రం, మీరు 70 నిమిషాలు బాగా ఆడే టీం అని చెప్పింది.

మరి 70 తరువాత ఏమైంది? జవాబు ఆ ఆఖరి గడిలో దొరికింది. మా టీంలో తొమ్మిదిమంది షిఫ్టు పనులకి వెళ్తారు. మ్యాచ్‌లు ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకి. శనివారం సి షిఫ్ట్ పడినవాడు రాత్రి పదికి ఎక్కి పొద్దున్న ఆరుకి దిగుతాడు. ఇంటికొచ్చి పడుకుని ఒంటిగంటకి లేస్తాడు. ఆదివారం కాబట్టి ఇంట్లో కోడికూర, కడుపు నిండా అన్నం. రెండున్నరకి బండెక్కి గ్రౌండ్‌కి వస్తాడు. విశాఖలో మార్చి నెల ఎండ, సముద్రం మీంచి వచ్చే తేమ, ఆ ఉక్కపోతలో చెమట ఆరదు, ఒళ్లంతా కారిపోతుంది. తాగేది వట్టి నీళ్లు, అదీ హాఫ్‌టైంలోనే. డెబ్బయ్యో నిమిషానికి పిక్కలు పట్టేస్తాయి. వాడు పరిగెత్తడం లేదని నేను గట్టు మీంచి అరిచేవాణ్ణి. సంవత్సరమంతా అలా అరిచాను.

హైదరాబాద్ రహీం సాబ్ సంగతి మన ఫుట్‌బాల్ వాళ్లందరూ చదవాలి. స్కూల్లో పాఠం చెప్పిన మనిషి, హైదరాబాద్ సిటీ పోలీస్ టీంకి కోచ్, 1950 నుంచి 1954 వరకు రోవర్స్ కప్ అనే టోర్నమెంట్ వరసగా ఐదు సార్లు గెలిపించారు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆయన కోచ్‌గా ఉన్న భారత జట్టు యుగొస్లావియా చేతిలో 10-1తో ఓడింది. ఆ చలిలో మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఆ ఓటమి తరువాత మన ఆటగాళ్లకి బూట్లు తప్పనిసరి అయ్యాయి. రహీం సాబ్ కోచ్‌గా కొనసాగారు. 1956 మెల్‌బోర్న్‌లో అదే జట్టు ఒలింపిక్స్ సెమీఫైనల్ ఆడి నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది. పదేళ్ల ప్రయాణం, అదే కోచ్. ఆ పది గోల్స్ గురించి ఎన్ని రకాలుగానైనా ఏడవచ్చు, కానీ సరిదిద్దుకోగలిగిన కారణం ఒకటి పాదాల దగ్గర కనబడింది. నా టీంకి అది కడుపు దగ్గర కనబడింది.

మేము చేసిన మార్పు ఇది. గోడ మీద షిఫ్టుల పట్టిక అంటించాం. శనివారం నైట్ పడినవాడు ముందుగా చెప్తే, షిఫ్ట్ మార్చమని సూపర్‌వైజర్‌ని నేనే వెళ్లి అడిగేవాణ్ణి. పది సార్లు అడిగితే ఆరు సార్లు ఒప్పుకున్నారు. మార్చలేకపోతే ఆ కుర్రాడు మొదట బెంచి మీద, 55వ నిమిషంలో లోపలికి. ఆదివారం పదకొండున్నరకి అందరూ ఒకే చోట పప్పన్నం, పెరుగన్నం. కోడికూర రాత్రికి. రెండున్నరకి అరటిపండు. హాఫ్‌టైంలో ఉప్పు, పంచదార వేసిన నిమ్మనీళ్లు. మ్యాచ్ అయ్యాక ఒక బకెట్ చోడంబలి, అంటే రాగి అంబలి. ఆ అంబలి మా గోలీ వాళ్ల అమ్మగారు కాచి పంపేవారు. గిన్నె మూత తీయగానే మజ్జిగ వాసనకి పిల్లలు బూట్లు విప్పకుండానే వరసలో నిలబడేవారు. మరుసటి సీజన్‌లో 70 తరువాత మాకు పడిన గోల్స్ 4.

కార్నర్ల సంగతి ఇంకా చిన్నది. వీడియోలో చూస్తే, కార్నర్ వచ్చినప్పుడల్లా మా గోలీ నోరు విప్పడు. బంతి గాల్లో ఉంటే ముగ్గురు ఒకేసారి ఎగురుతారు, లేదా ముగ్గురూ ఒకళ్లనొకళ్లు చూసుకుంటారు. సాయంత్రం ఐదున్నరకి గోల్ ముందు వాణ్ణి ఒక్కణ్ణే నిలబెట్టాను. బంతి వేస్తున్నా, పట్టక్కర్లేదు, నీకు వస్తుందనిపిస్తే "నాదే" అని కేకెయ్యి, రాదనిపిస్తే "కొట్టు" అని కేకెయ్యి, అన్నాను. మొదటి రోజు గొంతు పెగల్లేదు. నలభై బంతులకి నాలుగు సార్లు కూడా వినబడలేదు. మూడో వారానికి రోడ్డు మీద టీ తాగుతున్నవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా అరిచాడు. కమిటీ తీసేయమన్న కుర్రాడు వీడే.

వెళ్లేవాళ్లని మంచిగా పంపండి

గోల్స్ కొట్టే మీ మంచి స్ట్రైకర్‌కి పై డివిజన్ నుంచి పిలుపు వస్తుంది. రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. వాణ్ణి పట్టుకుని వేలాడకండి, రిజిస్ట్రేషన్ కాగితాలు ఆపకండి. ఒక తేదీ పెట్టండి, ఆ లోపు ఎవరు ఉంటారో ఎవరు వెళ్తారో చెప్పేయమనండి. బర్న్‌లీకి 2015లో గోల్స్ కొట్టే డానీ ఇంగ్స్ లివర్‌పూల్‌కి, రైట్ బ్యాక్ ట్రిపియర్ టాటెన్‌హామ్‌కి వెళ్లిపోయారు. డైచ్ ఆండ్రే గ్రే అనే స్ట్రైకర్‌ని తెచ్చుకున్నాడు, అతను ఆ సీజన్‌లో బర్న్‌లీకి 23 లీగ్ గోల్స్ కొట్టాడు. న్యూకాసిల్ వైనాల్డమ్‌ని, సిస్సోకోని అమ్మి డ్వైట్ గేల్‌ని తెచ్చుకుంది, అతనివీ 23 లీగ్ గోల్స్.

మనం కొనలేం. కానీ వెతకగలం. మా స్ట్రైకర్ వెళ్లిపోయాక ఫిషింగ్ హార్బర్ వైపు ఐస్ బండి తోసే ఒక కుర్రాడు దొరికాడు. అంతకుముందు టీంలో ఆడినవాడు కాదు, ఇసకలో ఆడిన కాళ్లు. వెళ్లిన స్ట్రైకర్ ఇప్పటికీ దసరాకి ఇంటికొచ్చి కాళ్లకి దణ్ణం పెట్టి వెళ్తాడు. వాడి పాత స్టడ్స్ బూట్లు ఈ కుర్రాడికి ఇచ్చింది కూడా వాడే.

ఇంట్లోవాళ్ల దగ్గరికి మీరే వెళ్లండి. పడిపోయిన వారంలో నేను పద్దెనిమిది ఇళ్లకి వెళ్లాను. తండ్రులు అడిగేది ఒక్కటే, ఇంకా ఈ ఆట ఎందుకని. వాదించకండి. గోల్స్ పుస్తకంలో వాళ్లబ్బాయి పేరున్న పేజీలు చూపించండి. టీ కొట్టు దగ్గర మాటలు పడతాయి, మొదటి వారం మీరు కూడా అక్కడే నిలబడి టీ తాగండి. మీరు కనబడకపోతే ఆ మాటలన్నీ పిల్లల మీద పడతాయి.

కింద డివిజన్ ఆట వేరు

పైన ఉన్నప్పుడు మేము వెనక నిలబడి, బంతి దొరికితే పొడుగ్గా కొట్టి పరిగెత్తే టీం. కిందికి వచ్చాక మా మీద అవతలి టీంలు అలా ఆడటం మొదలుపెట్టాయి. పదిమందీ గోల్ ముందే. పై డివిజన్ నుంచి వచ్చిన టీంతో డ్రా అయితే వాళ్లకి పండగే. మొదటి నాలుగు మ్యాచ్‌ల్లో మేము మూడు డ్రా చేశాం, బంతి మా దగ్గరే ఉన్నా దారి తెలియలేదు. అందుకే ప్రాక్టీస్‌లో సగం గ్రౌండ్‌లోనే ఎనిమిదిమంది మీద పదిమందిని ఆడించండి. గోల్ చేయాలంటే బంతి ముందు రెండు సైడ్లకీ వెళ్లి రావాలని నియమం పెట్టండి. ఓపిక అలా వస్తుంది. త్రో-ఇన్‌లు ప్రాక్టీస్ చేయించండి, ఎగుడుదిగుడు గ్రౌండ్లలో బంతి మాటిమాటికీ బయటికి పోతుంది.

మధ్యలో ఒక ఘోరమైన రోజు వస్తుంది. అది వచ్చిన రోజు ఏమీ మార్చకండి. 2015 డిసెంబర్ 26న బర్న్‌లీ, హల్ సిటీ చేతిలో 3-0తో ఓడింది. ఆ తరువాత సీజన్ చివరి వరకు 23 లీగ్ మ్యాచ్‌ల్లో ఒక్కటి కూడా ఓడలేదు. మాకు అలాంటి రోజు గాజువాక టీంతో వచ్చింది, 4-0. సోమవారం ప్రాక్టీస్‌లో నేను ఆ మ్యాచ్ మాట ఎత్తలేదు. నాలుగు పేజీలు రాశాం, కార్నర్ల డ్రిల్ చేశాం, ఇంటికెళ్లాం.

తప్పుకునే గుర్తులు మాత్రం ముందే రాసి పెట్టుకోండి. నా జేబు పుస్తకంలో మూడు ఉండేవి: ప్రాక్టీస్‌కి వరసగా మూడు వారాలు పన్నెండుమంది కన్నా తక్కువ వస్తే, నేను చెప్పింది పిల్లలు చేస్తూ కూడా ఓడుతుంటే, కాగితం మీద రాసిన మాట కమిటీ తప్పితే. రెండోది ముఖ్యమైనది. చెప్పింది చేయకపోతే నేర్పాలి. చేస్తూ ఓడుతుంటే చెప్పేదానిలోనే లోపం ఉంది. ఓడిన రాత్రి కూర్చుని రాసుకుంటే గుర్తులు మారిపోతాయి, అందుకే సీజన్‌కి ముందే.

ప్రాక్టీస్ ఎప్పుడు మొదలుపెట్టాలని అందరూ అడుగుతారు. మీ ఊరి పనులు చూసి పెట్టుకోండి. మాకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. బోట్లు ఒడ్డున ఉంటాయి, మా టీంలో జాలరిపేట కుర్రాళ్లు ఏడుగురు ఊళ్లోనే ఉంటారు. మిగతా ఏడాదంతా వాళ్లు ఏ రోజు దొరుకుతారో చెప్పలేం. అందుకని పడిపోయిన నెల తిరక్కుండానే, ఏప్రిల్ 16 పొద్దున్న ఐదింటికి, ఇసకలో మొదలుపెట్టాం. పందొమ్మిదిమంది వచ్చారు. రైట్ బ్యాక్ కుర్రాడు గోనెసంచి మోసుకొచ్చి ఇసకలో దింపి, జెర్సీలు తీసి లెక్కపెట్టాడు. పదహారోది గోలీ ఒంటి మీద ఉంది. ఉతికి, ఇస్త్రీ చేసి వేసుకొచ్చాడు.